మొగదిబ్బ మట్టి

మొగదిబ్బ ఉండాలా, ఖాళీ చేయాలా? అది తేల్చే పని లోకనాథ్ గారి నెత్తిన పడింది.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న చేపల పల్లె మొగదిబ్బ. కిందటేడు తుఫానుకు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. లోపల మెరక మీద స్థలాలిస్తాం, వెళ్లిపోండి అన్నారు అధికారులు. పడవలు కట్టుకునే చోటు వదిలేసి పొలాల మధ్యకు పోయి ఏం తినాలని పల్లె మొండికేసింది. సముద్రం ముందుకొస్తోందో వెనక్కి పోతోందో ఆ పెద్దాయన చేతే చెప్పిద్దామని చివరికి అందరూ ఒప్పుకున్నారు.

ఆయన మాటంటే అంత గురి మరి. వేల ఏళ్ల కిందట ఎక్కడ వానలు పడ్డాయి, ఎక్కడ కరువొచ్చింది, ఏరు ఎటు తిరిగింది, అన్నీ మట్టి పొరలు చూసి చెప్పడమే ముప్పై ఏళ్లుగా ఆయన పని. ధవళేశ్వరంలో వాళ్లింట్లో సోఫా మీద కూడా మట్టి పొట్లాలే. నిన్నటి కూరేంటో గుర్తుండదు గానీ క్రీస్తు పుట్టకముందు కురిసిన వానలు మాత్రం నోటి మీదుంటాయని భార్య దెప్పుతూ ఉంటుంది.

పరిశోధన విద్యార్థి మణిదీప్‌ను వెంటబెట్టుకుని ఆయన మొగదిబ్బలో దిగారు. మూడు చోట్ల పైపై మట్టి తవ్వి పారేసి, నడుమెత్తు ప్లాస్టిక్ గొట్టాలు భూమిలోకి దింపి, లోపలి మట్టితో సహా బయటికి లాగారు. రెండు చివరలా మూతలు బిగించారు. గొట్టాలన్నీ బురదే. పెన్ను పట్టలేదు.

"ఆరనియ్యవోయ్, భోంచేసి గుర్తులు పెడదాం" అని, లోకనాథ్ గారే వాటిని ఎలా తీసినవి అలాగే, భోజనానికి పిలిచిన అచ్చాయమ్మ ఇంటి అరుగు మీద గోడవారన నిలబెట్టారు.

అచ్చాయమ్మ మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. కొడుకు బుల్లబ్బాయి ఆ సముద్రం మీదకే వేటకు పోతాడు. ఆవిడ చందువా చేపల పులుసు వడ్డిస్తూ మెల్లగా అంది.

"బాబుగారూ, సముద్రం ఎనక్కి పోతందని రాసేయండి. మా బుల్లబ్బాయికి వల తప్ప పార పట్టుకోవడం రాదండి. మెరకకి పోతే ఆడేం చేత్తాడండి?"

"నేను రాసేదేముందమ్మా? మట్టి ఏం చెబితే అదే."

"అయితే ఆ మట్టికే దణ్ణం పెట్టుకుంటానండి."

లోకనాథ్ గారికి జాలేసింది. మంచి మాటే చెప్పగలిగితే బాగుండునని మనసులో గట్టిగా అనుకున్నారు కూడా. పులుసు మహిమో, ఎండలో తిరిగిన అలసటో, మంచమెక్కగానే కళ్లు మూతపడ్డాయి.

లేచి చూస్తే గొట్టాలు తళతళలాడుతున్నాయి. మణిదీప్ పనిమంతుడే అనుకుని, పైకి బాణం గుర్తులు గీసి, నంబర్లు వేసి, జీపెక్కించారు.

రాజమండ్రిలో తన కాలేజీకి తిరిగొచ్చాక గొట్టాలు నిలువునా చీల్చారు. అడుగున తెల్లటి గవ్వలు, సముద్రపు ఇసుక. వాటి మీద నల్లటి ఒండ్రు, అందులో మడచెట్ల వేళ్లు.

"అడుగుది పాతకాలం, పైది మన కాలం. ఇంకేముంది?" అన్నారు లోకనాథ్ గారు, సంతోషం పట్టలేక. "ఒకప్పుడు అక్కడంతా సముద్రం. గోదావరి ఒండ్రు మోసుకొచ్చి దాన్ని వెనక్కి నెట్టింది, అడవి మొలిచింది. ఇంకా నెడుతూనే ఉంది."

మూడు గొట్టాలూ ఒకే మాట చెప్పాయి.

"పొరల వయసు తేల్చడానికి ల్యాబుకి పంపాం కదా సార్. ఆ రిపోర్టు వచ్చాక రాద్దామా?" అన్నాడు మణిదీప్.

"అది వచ్చేసరికి వాళ్లని లారీలెక్కించేస్తారు. ముప్పై ఏళ్లుగా మట్టి చూస్తున్న కళ్లు, ఇవి చాలవా?"

రాసిచ్చేశారు. మొగదిబ్బకు సముద్రం వల్ల భయం లేదు, ఎవరూ కదలక్కర్లేదు అని.

మెరక మీది స్థలాలు వేరే ఊరివాళ్లకు ఇచ్చేశారు. మొగదిబ్బ వాళ్లు పుస్తెలతో సహా తాకట్టుపెట్టి, తాటాకు కప్పులు పీకి శ్లాబు ఇళ్లు వేసుకున్నారు. ఒకరిని చూసి ఒకరు, సముద్రానికి ఎదురుగా, వరుసగా. లోకనాథ్ గారి పేరు చెబితే చాలు, పల్లెలో ముసలీ ముతకా చేతులెత్తి మొక్కుతున్నారు.

అచ్చాయమ్మ గృహప్రవేశానికి ఆయన్ని పిలవడానికి బుల్లబ్బాయి ధవళేశ్వరం దాకా వచ్చాడు. ఆయన సంబరంగా వెళ్లారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, శాలువా కప్పారు. ఇన్నేళ్లలో ఎన్నో బహుమతులు అందుకున్నారు గానీ, ఇంత తృప్తి ఎప్పుడూ కలగలేదు. కళ్లు చెమర్చాయి.

అప్పుడే మణిదీప్ ఫోన్ చేశాడు.

"సార్, ల్యాబు రిపోర్టు వచ్చిందండి. మూడు గొట్టాల్లోనూ అడుగు మట్టి కొత్తదట, పై మట్టి పాతదట."

"ఎక్కడైనా ఉంటుందటయ్యా? పొట్లాలు తారుమారు చేసుంటారు. మళ్లీ చేయమను" అని విసుక్కుని ఫోన్ పెట్టేశారు.

అచ్చాయమ్మ కొత్తచీర కట్టుకుని, పాయసం గిన్నెతో వచ్చి ఎదురుగా నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"అంతా మీ చలవేనండి బాబుగారూ. కానీ ఇందులో నా చెయ్యి కూడా ఉందండోయ్, ఆయ్!"

"నీ చెయ్యేంటమ్మా?" అన్నారు ఆయన నవ్వుతూ.

"ఆవేళ మీరు కునుకు తీసినప్పుడు, బురదోడుతున్న మీ గొట్టాలు మూడూ పీచెట్టి తోమి, కడిగి, మా ఇంటో గిన్నెల్లాగే శుబ్బరంగా బోర్లించి పెట్టింది నేనేనండి!"