ఆఖరి స్టేజీకి ఒక టికెట్టు

ఆవిడ ఆ రోజు కూడా బస్సు దిగింది.

దిగి, రోడ్డు పక్కనున్న తూము గట్టు మీద కూర్చుంది. బస్సు వెనక్కి తిరగ్గానే మళ్ళీ అదే బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని గుంటూరు వెళ్ళిపోయింది.

మూడు నెలలుగా ఇదే వరస. ఒక గుమ్మం తొక్కింది లేదు, ఒకరిని పలకరించింది లేదు. ఈ ముసలమ్మ ఎవరో తెలుసుకోకపోతే జయకుమారికి అన్నం సహించేలా లేదు.

వాళ్ళ పేట ప్రత్తిపాడు రోడ్డులో పత్తి మిల్లు దాటి మైలున్నర అవతల, కొత్తగా స్థలాలిచ్చిన చోటు. పల్లెటూరూ కాదు, గుంటూరూ కాదు. ఆడవాళ్ళంతా పొద్దున్నే గుంటూరు యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పోవాలి. ఏడు దాటితే మేస్త్రీ గేటు వేసేస్తాడు, ఆ రోజు కూలి గోవిందా.

ఆరింటి బస్సు పేట దాకా రావాలి. కానీ డ్రైవరు బాపయ్య మిల్లు దగ్గరే తిప్పుకుపోయేవాడు. ఆడవాళ్ళు చెప్పులు చేతపట్టుకుని బురదలో పరుగులు తీసేవారు. బాపయ్యని వాళ్ళు తిట్టని తిట్టు లేదు.

చివరికి జయకుమారి అర్జీ రాసి డిపోలో ఇచ్చింది. పదో తరగతి దాకా చదివిన చెయ్యి మరి. వారం తిరక్కుండానే బస్సు పేట దాకా వచ్చింది. అప్పటినించి జయకుమారి నడకే మారిపోయింది.

ముసలమ్మ సంగతి ఒక్కటే అంతుబట్టలేదు. కోడళ్ళు వెళ్ళగొడితే పొద్దు గడవక తిరుగుతోందని కరీమున్ అంది. దొంగతనానికి ఇళ్ళు చూసుకోవడానికే వస్తోందని ఆదెమ్మ అంది.

అంతలో కరీమున్ ఇత్తడి బిందె పోయింది.

మర్నాడు జయకుమారి తూము దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఎవరింటికి వస్తన్నావు మామ్మా?"

"ఎవరింటికీ కాదమ్మా. ఊరికే."

"ఊరికే రోజూ టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళుంటారా? మా పేటలో బిందెలు పోతన్నయ్యి. పనిలేకపోతే ఇటు రామాక."

ముసలమ్మ ఆమె మొహంలోకి చూసింది. కోపగించుకోలేదు. "సరేలే తల్లీ" అని లేచి బస్సెక్కింది.

మర్నాడు బస్సు రాలేదు.

ఆ మర్నాడూ రాలేదు. నాలుగోరోజుకి మేస్త్రీ వీళ్ళ చోట్లో వేరే పేటవాళ్ళని కూర్చోబెట్టాడు. కరీమున్ బిందె మాత్రం ఆడపడుచు ఇంట్లో దొరికింది.

జయకుమారి మండిపడుతూ మిల్లు దాకా నడిచివెళ్ళి, కండక్టరు ప్రేమదాసుని నిలదీసింది. ఆఖరి స్టేజీకి ఒక్క టికెట్టు తెగినా బస్సు అక్కడిదాకా పోవాల్సిందేనని, తెగకపోతే మిల్లు దగ్గర తిప్పుకున్నా అడిగే నాథుడు లేడని అతను చెప్పాడు. పొద్దున్నే గుంటూరు నించి ఆ పేటకొచ్చేవాళ్ళు ఎవరుంటారు? ఇన్నాళ్ళూ ఆ పెద్దావిడ ఒక్కతే రోజూ ఆ టికెట్టు కొనేదట.

"మరి నా అర్జీ?"

"ఏ అర్జీ అమ్మా?"

జయకుమారికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఇల్లెక్కడో చెప్పమని బతిమాలింది. ప్రేమదాసు డ్రైవరు సీటు వైపు ఒకసారి చూసి, తనకెందుకొచ్చిన గొడవని రైట్ రైట్ అనేశాడు.

రెండు ఆదివారాలు చర్చి కాగానే గుంటూరు వెళ్ళి వెతికింది. పేరైనా తెలియని మనిషిని ఎక్కడని వెతుకుతుంది? కాళ్ళు పట్టుకునైనా క్షమించమనాలని ఉంది ఆమెకి.

మూడోవారం సోమవారం, ఆరింటికి బస్సు పేట దాకా వచ్చింది. లోపల ప్రయాణికుడన్నవాడు ఒక్కడూ లేడు.

బాపయ్య ఎన్నడూ లేనిది కిందికి దిగాడు. నున్నటి గుండు, మీసం కూడా లేదు. తిరపతి వెళ్ళొచ్చాడు కాబోలు, ఆ పుణ్యమే ఇదంతా అనుకుంది జయకుమారి.

"ఎక్కండమ్మా. టికెట్టున్నా లేకపోయినా ఇకనించి రోజూ వస్తాను," అన్నాడు.

ఆడవాళ్ళు బిలబిలమంటూ ఎక్కేశారు. జయకుమారి ఎక్కలేదు.

"మీ వెనక సీట్లో కూర్చునే మామ్మ ఎక్కడుంటదండీ? ఆమెతో ఒక మాట చెప్పుకోవాలి."

 బాపయ్య తల వంచుకుని చెప్పాడు. కూరల బజార్లో ఎవరో ఆడకూలీలు అతన్ని పేరుపెట్టి తిడుతుంటే ఆవిడ విన్నదట. ఇంటికొచ్చి నచ్చచెప్పిందట. అతను వినలేదట. ఆ మర్నాటినించే టికెట్టు కొనుక్కుని బస్సులో కూర్చోవడం మొదలుపెట్టిందట.

"జ్వరమొచ్చి మంచంలో పడి కూడా, ఆ పిల్లలు ఎదురుచూస్తుంటార్రా, పోరా అనేది. నేను వినేలోపలే వెళ్ళిపోయిందమ్మా, మా అమ్మ."