కామేశం సిద్ధాంతం

"సంతాపం పేజీకి ఒకటి తెచ్చానండి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన.

శశిభూషణ్‌కి తలెత్తే తీరిక లేదు. 1998 డిసెంబరు. గణిత సమాజం జాతీయ మహాసభలు ఆ ఏడు రాజమండ్రికి వచ్చాయి. సమాజం పత్రికకి సంపాదకుడు అతనే. పైగా ఊళ్లోవాడు కాబట్టి భోజనాల భారం కూడా అతని నెత్తినే పడింది. కాన్పూరు ప్రొఫెసరు గారికి పూట పూటా చపాతీ కావాలి. కలకత్తా వాళ్లకి పులస కావాలి. అది వానాకాలం చేపండీ, ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ అంటే వింటేనా. మరోపక్క పత్రిక సాయంత్రానికల్లా ప్రెస్సుకి వెళ్లాలి.

చేయి చాపి కాగితం అందుకున్నాడు. పైన పేరు చూడగానే కుర్చీలోంచి లేచిపోయాడు.

తుని కామేశం గారు.

కామేశం సిద్ధాంతమే లేకపోతే శశిభూషణ్‌కి పీహెచ్‌డీ లేదు, ఈ లెక్చరర్ ఉద్యోగమూ లేదు. ప్రధాన సంఖ్యల మీద ముప్పై ఏళ్ల కిందట ఆయన రాసిన వ్యాసం అతనికి కంఠతా వచ్చు. మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. సమాజం మూడుసార్లు సన్మానానికి పిలిస్తే మూడుసార్లూ ఒంట్లో బాగాలేదని కార్డు రాశారు. ఈసారి మన రాజమండ్రిలోనే కదా, తుని వెళ్లి దగ్గరుండి కారులో తీసుకొద్దామనుకున్నాడు శశిభూషణ్. ఈ చపాతీల గొడవలో పడి వెళ్లనేలేదు. ఇప్పుడేమో ఈ కాగితం. తనమీద తనకే అసహ్యం వేసింది.

"రండి, కూర్చోండి. మీరు ఆయనకి ఏమవుతారండీ?"

"చుట్టరికమని చెప్పడానికేముందండి. కామేశం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు."

గారు లేదు. ఎంత చిన్ననాటి చనువైతే మాత్రం, అంతటి మనిషిని పట్టుకుని ఉత్త కామేశమా? శశిభూషణ్‌కి అది మింగుడుపడలేదు. పెద్దవాడు, పొద్దున్నే పాసింజరు బండిలో పడి వచ్చినట్టున్నాడు, పోనీలే అని ఊరుకుని చదవడం మొదలుపెట్టాడు. పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం. రెండో పేరా దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటండీ? కామేశం సిద్ధాంతం కామేశం గారిది కాదా?"

"కాదండి. ఆశాజ్యోతి గారిది. భీమవరం దగ్గర ఒక మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేశారు. అరవై ఎనిమిదిలో ఆవిడ రాసి, సరైందో కాదో చూసి చెప్పండి సార్ అని కామేశానికి పోస్టులో పంపారు. కామేశం చూశాడు. సరైందే. తన పేరు పెట్టి అచ్చేయించుకున్నాడు."

శశిభూషణ్‌కి ఒళ్లు మండిపోయింది.

"సంతాపం పేజీలో రాసే మాటలేనా ఇవి? మీకూ ఆయనకీ ఏం పేచీలున్నాయో నాకు తెలీదు. తిరిగి జవాబు చెప్పుకోడానికి ఆయనకిప్పుడు నోరు లేదండీ."

"ముప్పై ఏళ్లు నోరుండీ చెప్పలేదండి," అన్నాడు పెద్దాయన.

కోపం తెచ్చుకోలేదు. చేతిసంచీలోంచి ఏడు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. అంచులు పసుపెక్కిపోయాయి. గుండ్రటి చేతిరాత. మూలన తేదీ, కింద ఆశాజ్యోతి అని సంతకం.

శశిభూషణ్ నిలబడే చదివాడు. మూడో పేజీలో ఒక ఉదాహరణ ఉంది. అందులో ఒక అంకె తప్పు పడింది. సరిగ్గా అదే తప్పు కామేశం గారి వ్యాసంలోనూ ఉంది. అది అచ్చుతప్పర్రా అని క్లాసులో ఎన్నేళ్లుగానో తను సర్దిచెబుతూ వస్తున్నాడు. ఇక చదవక్కర్లేకపోయింది. అతనికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ దేవుడనుకున్న మనిషి కోసమో, పేరు కూడా వినని ఆ టీచరమ్మ కోసమో అతనికే తెలీదు.

"ఆవిడ అడగలేదాండీ?"

"ఒక కార్డు రాశారండి. 'పత్రిక చూశాను సార్, నా లెక్క సరైందేనని తెలిసింది, సంతోషం' అని. అంతే. మళ్లీ ఏమీ పంపలేదు. పిల్లలకి క.సా.గు.లూ గ.సా.భా.లూ చెప్పుకుంటూ రిటైరైపోయారు."

పక్క హాల్లో ఎవరి ప్రసంగమో అయిపోయినట్టుంది, చప్పట్లు వినిపించాయి.

"ఆవిడకి అరవై రెండండి," అన్నాడు పెద్దాయన. "ఆవిడ పేరు ఆవిడ కళ్లతో చూసుకోవాలి. మీరు వేయనంటే ఇంకెవరూ వేయరండి."

శశిభూషణ్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మహాసభల వాళ్లు వేసిన కండువా అది.

"వేస్తానండి. ఒక్క ముక్క తీయకుండా వేస్తాను. ఇకమీదట మా పత్రికలో అది ఆశాజ్యోతి సిద్ధాంతమే. ఎవరేమన్నా నేను చూసుకుంటాను."

పెద్దాయన రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. పాపం స్నేహితుడి బరువు దించుకోడానికి ఈ వయసులో ఇంత దూరం వచ్చాడు, తనేమో అనరాని మాటలన్నాడు. శశిభూషణ్‌కి సిగ్గనిపించింది. ప్రెస్సుకి పంపేముందు కలం తీసుకుని కాగితం మరొక్కసారి పైనుంచి కిందకి చూశాడు.

"అన్నీ రాశారు గానీ, పోయిన తేదీ రాయలేదేంటండీ?"

"నా చావు తేదీ నేనెలా రాసుకుంటానండి, పై సంచికలోగా వచ్చేస్తుందన్నారు డాక్టరు గారు, అప్పుడు మీరే వేసుకోండి."