యోబో

"ఆవు మేతకొచ్చినట్టు ప్రతి పువ్వు దగ్గరా ఆగుతావేం? నడువు!"

దల్సు అరుపుకి కొండబాట మీది క్లబ్బు వాళ్ళ ఊదా జాకెట్ల గుంపంతా గొల్లున నవ్వింది. పసుపు లిల్లీల పక్కన రాతి మీద కూర్చున్న ఉడుత తుర్రుమంది. దాన్ని ఫోన్లో ఫోటో తీయబోతున్న అతని భార్య ఓక్‌హీ వంగినది వంగినట్టే ఉండిపోయింది.

మెల్లగా లేచి, ఎండకి కట్టుకున్న ముసుగు గడ్డం కిందికి లాగింది.

"క్లబ్బు వాళ్ళందరి ముందూ నన్ను ఆవన్నావు. బస్సెక్కేలోగా తప్పయిపోయిందని చెప్పు. చెప్పకపోయావో, దారిలో చున్‌చన్‌లో దిగి మా అక్క దగ్గరికి పోతా. మళ్ళీ ఇంటికి రాను."

"పోదువులే, చూశాం!"

ఓక్‌హీ ముసుగు పైకి లాక్కుంది. దల్సు విసవిసా ఊట దగ్గరికి వెళ్ళి దోసిలి పట్టాడు. నీళ్ళు తాగుతుంటే గుబులు మొదలైంది. ఓక్‌హీ అన్నదంటే చేసి తీరుతుంది. సిగరెట్లు మానకపోతే వంట మానేస్తానంది ఒకసారి. నిజంగానే మానేసింది. నూడుల్స్ తినీ తినీ అతని నాలుక మొద్దుబారిపోయింది.

తిరిగొచ్చేసరికి గుంపు దిగిపోతోంది. ఊదా జాకెట్టు, వెడల్పాటి టోపీ, కళ్ళు మాత్రమే కనిపించే ముసుగు, బాట పక్కన వంగి బూటు తాడు బిగించుకుంటోంది.

"పద," అని దల్సు ముందు నడిచాడు. వెనకే చేతికర్ర టక్కుటక్కుమంటూ వచ్చింది.

పొదల్లో ఓ జింక తలెత్తి చూసి, మళ్ళీ మేతలో పడింది. కింద బస్సుల కప్పులు కనిపిస్తున్నాయి. ఇక లాభం లేదనుకున్నాడు దల్సు.

"యోబో," అని మొగుడూ పెళ్ళాలు ఒకర్నొకరు పిలుచుకునే పిలుపు పిలిచాడు, వెనక్కి తిరక్కుండానే. తిరిగితే మాట పెగలదని భయం.

కర్ర చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"తప్పయిపోయింది. అలా అనకుండా ఉండాల్సింది. నీకు పూలంటే ఇష్టమని తెలుసు. అయినా ఎప్పుడూ నేనే ముందు పరిగెత్తాను. పెళ్ళయిన కొత్తలో జేజూ దీవికి వెళ్ళినప్పుడూ అంతే. నువ్వు తీసిన ఫోటోలన్నిట్లో నా వీపే ఉంది. నీ మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు చేపలు పట్టడానికి పోయాను. సిగ్గేస్తోంది యోబో. ఇకనుంచీ నీ పక్కనే నడుస్తా."

వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. అతని భుజం మీదుగా ఓ చెయ్యి వచ్చి, చెక్కు తీసిన దోసకాయ ముక్క అందించింది. దల్సు ప్రాణం లేచొచ్చింది. కరకరా నమిలాడు.

"బ్యాగు ఇలా ఇయ్యి, నేను మోస్తా," అని చెయ్యి వెనక్కి చాపాడు. బ్యాగు చేతిలో పడింది. దాన్ని గుండెలకి తగిలించుకుని, ఈల వేసుకుంటూ దిగాడు.

బస్సెక్కగానే ఈల ఆగిపోయింది. కిటికీ పక్కన ఓక్‌హీ కూర్చుని మొక్కజొన్న పొత్తు కొరుకుతోంది. పక్క సీట్లో తన బ్యాగు పెట్టి ఉంచింది, అతన్ని కూర్చోనివ్వకుండా.

"ఇంతసేపూ ఎక్కడ చచ్చావు? అదెవరి బ్యాగు?"

"నీ... నీదే కదా?"

"నాది ఎర్రది. ఇన్నేళ్ళయినా నా బ్యాగు రంగు కూడా తెలీదూ! చున్‌చన్‌లో దిగిపోతున్నా."

"ఆ బ్యాగు నాది చెల్లీ," అంటూ వెనకాల బస్సెక్కినావిడ ముసుగు తీసింది. ఒకే క్లబ్బయినా దల్సు ఆమెనెప్పుడూ చూసిన పాపాన పోలేదు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బ్యాగు ఇప్పించు చాలు. మీ ఆయన దారంతా ఒప్పుకున్న తప్పులు మాత్రం నీకోసమే. జేజూ, మోకాలు, చేపలు, ఏదీ వదల్లేదు పాపం."

ఓక్‌హీ నమలడం ఆపింది. మొగుడి మొహం కేసి చాలాసేపు చూసింది. సీట్లోని ఎర్ర బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో. మొదట్నుంచీ మళ్ళీ చెప్పు. ఈసారి నా మొహం చూసి చెప్పు." తర్వాత ఆవిడ వైపు తిరిగింది. "అయినా అక్కా, నేను నీ పెళ్ళాన్ని కాదురా బాబూ అని మొదట్లోనే చెప్పొచ్చుగా?"

ఆవిడ బ్యాగు భుజాన వేసుకుంది. చివరి సీట్లో నోరు తెరిచి గురక పెడుతున్న తన మొగుడి వైపు ఓసారి చూసింది.

"యోబో అన్నాడు చెల్లీ. ఎవరి మొగుడైతేనేం, ఏదో ఒక మొగుడు తప్పయిందంటున్నాడు కదా, వినేద్దామనుకున్నా!"