ఊడిన గుండీ

ఆ వృద్ధాశ్రమానికి ఫ్యాన్లన్నీ కొనిచ్చింది నేను. అక్కడ అందరి నోటా మా చెల్లెలి మాటే! దర్జీపని చేసే చెల్లెలు ఆదివారాలు వెళ్ళి, పైసా తీసుకోకుండా వాళ్ళ చొక్కాలకు గుండీలు కుడుతుంది.

నేనిచ్చిన ఫ్యాను కింద చల్లగా కూర్చుని ఒక ముసలాయన నన్నే అడిగాడు.

“రేపు మీ చెల్లెమ్మ వస్తుందిగా?”

నాకు ఒళ్ళు మండిపోయింది.

వస్తుందనగానే ఆయన తన చొక్కా గుండీ పుటుక్కున తెంపేశాడు.

“అదేంటి తాతా, బాగానే ఉందిగా!”

“బాగుంటే నా పక్కన ఎందుకు కూర్చుంటుంది బాబూ? కుట్టినంతసేపూ కబుర్లు చెబుతుంది.”

చెల్లెలు మా ఇంటికి రాక రెండేళ్ళయింది. దాని పుట్టినరోజుకీ నేను డబ్బే పంపుతాను.

ఇంటికెళ్ళి, కొత్త చొక్కా గుండీ తెంపి ఫోన్ చేశాను.

“చెల్లీ, గుండీ ఊడిందే. ఓసారి రావే. తొందరేం లేదు, నిదానంగా కుడుదువుగాని.”