గోలీలు ఎవరికి?

"ఈ గోలీలు ఎవరికి?" అని అడిగాడు ఎస్సై.

కోరుట్ల బస్టాండులో బస్సెక్కబోతున్న జలపతిని పక్కకు లాగి, సంచీ విప్పించి అడిగిన మాట అది. పసుపు చేనుకు కొన్న మందుడబ్బా ఒక్కటే ఉంటే పోనిచ్చేవాళ్లే. దాని అడుగున బీపీ గోలీల అట్టలు కట్టలుగా దొరికాయి. ఆ రోజుల్లో అవసరానికి మించి మందులు కొన్నవాడు అడవిలోని అన్నలకే కొన్నట్టు లెక్క.

నిజానికి అవి జలపతి సొంత అన్న హన్మండ్లుకు. అతను దుబాయి పోయాడని ఇబ్రహీంపట్నమంతా అనుకుంటోంది. ఉన్నది మాత్రం దళంలో. బీపీ ఎక్కువై నడవలేకపోతున్నానని కబురు పంపితే తమ్ముడి మనసు ఊరుకోలేదు.

"నాకే సారు. నాకు బీపీ ఉన్నది," అన్నాడు జలపతి.

ఎస్సై అతణ్ని ఎగాదిగా చూశాడు. మనిషి దుక్కలా ఉన్నాడు. దగ్గు లేదు, జ్వరం లేదు. కంటికి కనబడని రోగం ఏ పాటిదో చూద్దామని నవ్వి, జీపులో వేసుకుని సర్కారు దవాఖానకు పట్టుకుపోయాడు.

దారిపొడుగునా జలపతిది ఒకటే ఆలోచన. చేతికి పట్టీ కట్టి చూస్తే అబద్ధం తేలిపోతుంది. ఆ తర్వాత తన శవం ఏ గుట్ట పక్కన దొరుకుతుందో, పేపర్లో ఎదురుకాల్పులని ఎట్లా రాస్తారో అతనికి తెలుసు.

దవాఖానలో ఉన్నది డాక్టరు శ్యాంసుందర్ రావు. దొరల ఇంటి మనిషి. అన్నలకు భయపడి ఆయన తండ్రి ఊరు విడిచి జగిత్యాలలో తలదాచుకున్నాడు. ఆ చేతుల్లో తనకు జాలి దొరుకుతుందన్న ఆశ జలపతికి ఏ కోశానా లేదు.

డాక్టరు పట్టీ కట్టి చూశాడు. కాసేపు పడుకోబెట్టి మళ్లీ చూశాడు. తర్వాత ఎస్సై వైపు తిరిగాడు.

"ఈయనకు బీపీ ఉన్నది. మస్తు ఉన్నది. గోలీలు ఆపితే పానానికే ముప్పు."

ఉప్పు తగ్గించమనీ, మళ్లీ వచ్చి చూపించుకోమనీ జలపతికి చెప్పాడు. ఎస్సై గొణుక్కుంటూ గోలీలు తిరిగి ఇచ్చేశాడు. జలపతి చేతులెత్తి మొక్కాడు. డాక్టరు తలూపాడు.

ఇంటికి వచ్చాక భార్య మల్లవ్వను లోపలికి పిలిచి జరిగింది చెబుతుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దొరల ఇంట్ల పుట్టినా, నాకోసం పోలీసోళ్ల ముందట అబద్ధమాడిండే. గా మనిషి మేలు ఎన్నటికీ మరువద్దు."

గోలీలన్నీ అడవికి చేరాయి.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో జలపతికి తలనొప్పి మొదలైంది. ఎండకనుకున్నాడు, పొయ్యి సెగకనుకున్నాడు. ఆ డాక్టరుకే చూపించుకొమ్మని మల్లవ్వ పోరు పెట్టింది. అతను వినలేదు. దవాఖానలో ఇంకెవరైనా పట్టీ కట్టి చూస్తే తనకు బీపీ లేదని తేలిపోతుంది, అంత మేలు చేసినవాడి కొలువు ఊడిపోతుంది, అన్నాడు. ఆ గడప జన్మలో తొక్కనన్నాడు.

ఒకనాడు పొద్దున కడాయి పక్కనే కూలబడిపోయాడు. మూతి ఒక పక్కకు పోయింది. ఏదో చెప్పబోయాడు గానీ మాట తెలియలేదు. మల్లవ్వ ఊళ్లోవాళ్ల జీపులో వేసుకుని కోరుట్ల దవాఖానకు తెచ్చింది.

శ్యాంసుందర్ రావు జలపతి కనురెప్పలు ఎత్తి చూశాడు. చచ్చుబడిన చెయ్యి పైకెత్తి వదిలాడు. అది మంచం మీద పడిపోయింది. వెంట వచ్చినవాళ్లు బయటికి పోయేదాకా ఆగి, మల్లవ్వ ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఆనాడు అబద్ధమాడి మా ఆయన పానం కాపాడితిరి. గా ముచ్చట ఇల్లు దాటనియ్యలే సారు. గీసారి గూడ ఎట్లనన్న కాపాడుండ్రి, బాంచెన్."

"ఏం అబద్ధం?" అని డాక్టరు అడిగాడు.

"బీపీ లేకున్నా ఉన్నదని చెప్తిరి గద."

డాక్టరు మంచం మీది మనిషిని చూశాడు. ఆమెను చూశాడు.

"నేను ఉన్నదే చెప్పిన, అమ్మా."