పసుపు పట్టీ బెలూన్

"చెప్పులు తీసెయ్యనా బాబూ?" అని అడిగింది పెద్దావిడ.

పైలట్‌కి అర్థం కాలేదు. తెల్లవారుజామున మైదానంలో బెలూన్ గుడ్డ ఇంకా నేలమీదే పరిచి ఉంది. ఎర్ర గుడ్డ, నడుము చుట్టూ పసుపు పట్టీ. పెద్ద ఫ్యాను దాని నోట్లోకి గాలి కొడుతోంది. ఎక్కడానికి వచ్చినవాళ్లలో సగం మంది అంచు తొక్కేస్తారు, అతను అరుస్తాడు. ఈవిడ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, దూరంగా చుట్టూ తిరిగి వచ్చింది.

ఈవిడ సంగతి అతనికి ముందే తెలుసు. రెండుసార్లు టికెట్ తీసుకుని, ఆ రోజు ఎగిరేది నీలం బెలూన్ అని తెలియగానే రెండుసార్లూ రద్దు చేసుకుంది. పసుపు పట్టీదే కావాలని ఫోన్లో పట్టుబట్టింది. రంగుల పిచ్చి కాబోలు అనుకున్నాడు. ఆ గుడ్డ పాతబడింది, నెలాఖరుకి తీసేస్తున్నామని చెబితే మర్నాడే మళ్లీ డబ్బు కట్టేసింది.

"పైకప్పు వేయించుకోవాల్సిన డబ్బయ్యా అది," అన్నాడు వెంట వచ్చిన భర్త, రహస్యం చెబుతున్నట్టు వంగి, అందరికీ వినబడేలా. "నాలుగేళ్లు నోరు కట్టుకుని కూడబెట్టాం. వానొస్తే ఇంటినిండా బకెట్లే. ఒక్క గంటకి మొత్తం గాల్లో కలిపేస్తోంది."

"బకెట్లు ఇంకో ఏడాది పెట్టుకుందాం లెండి," అంది ఆవిడ. "పైకప్పు ఎక్కడికీ పోదు."

"పోతుందనే కదా నా భయం."

పైలట్‌కి నవ్వొచ్చింది గానీ, భుజం మీద బరువు పడ్డట్టూ అయింది. ఇంత డబ్బు పోసిన మనిషికి అన్నీ దగ్గరుండి చూపించాలి. బుట్టలోకి ఎక్కించడానికి చెయ్యి అందిస్తే ఆవిడ చూపుడువేలి కొస రాయిలా తగిలింది. మోటుపని చేసిన చెయ్యి అనుకున్నాడు.

"ఎక్కడా గాలి పోవడం లేదు కదా బాబూ?"

"చీమ ఊదినంత కూడా పోదమ్మా. ఏడేళ్లలో ఒక్కసారి కూడా పోలేదు."

ఆవిడ మొహం విప్పారింది. హమ్మయ్య, భయం పోయిందనుకున్నాడు పైలట్.

బర్నర్ భగ్గుమంది. బుట్ట ఎప్పుడు నేల వదిలిందో ఎవరికీ తెలియలేదు. గాలితోపాటే పోతున్నారు కాబట్టి మొహానికి గాలే తగలడం లేదు. ఎక్కడో అడుగున కుక్క మొరిగితే పక్కనే ఉన్నట్టు వినిపించింది. పొగమంచు కింద నది బయటపడింది, దాని చివర సూర్యుడు. అంతసేపూ గొణిగిన పెద్దాయన బుట్ట అంచు పట్టుకుని నోరు వెళ్లబెట్టాడు.

"ఇంత ఉందా లోకం," అన్నాడు. ఆ తర్వాత పైకప్పు ఊసెత్తలేదు.

ఆవిడ మాత్రం కిందికి చూడనే లేదు. తల వెనక్కి వాల్చి పైకే చూస్తోంది.

"అమ్మా, అటు చూడండి, నది."

"ఊఁ."

"సూర్యుడమ్మా."

"ఊఁ."

"మీరు డబ్బు కట్టిందంతా కింద ఉందమ్మా," అన్నాడు ప్రాణం విసిగి.

ఆవిడ కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. దించెయ్యమంటారా అని పైలట్ ఆవిడ భర్తని అడిగాడు.

"ఆవిణ్ణి వదిలెయ్యి బాబూ," అన్నాడు పెద్దాయన మెల్లగా. "చూడనీ."

ఏముందక్కడ అని పైలట్ కూడా తలెత్తాడు. మంట లేచినప్పుడల్లా గుడ్డంతా లోపల్నుంచి వెలుగుతోంది. నాలుగు వైపుల నుంచీ సన్నటి గీతలు పైకి పాకి, శిఖరం దగ్గర ఒక్కచోట కలుస్తున్నాయి. ఏడేళ్లుగా ఎక్కడైనా చిరిగిందా అని చూడడమే గానీ, అతనూ దాన్ని ఊరికే చూసింది లేదు. ఈసారి మెడ నొప్పెట్టేదాకా చూస్తూనే ఉన్నాడు.

కిందికి దిగాక గుడ్డ మెల్లగా చప్పబడి నేలకి ఒరిగింది. ఆవిడ మళ్లీ చెప్పులు తీసి, వెళ్లి పసుపు పట్టీ పక్కన కూర్చుని దాన్ని నిమిరింది. పైలట్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"నది చూడలేదు, సూర్యుణ్ణి చూడలేదు. అంత డబ్బు పోసి ఈ గుడ్డనే చూస్తూ నిలబడ్డారేంటమ్మా?"

ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"కుట్టింది నేనే గానీ, గాలి నిండగా ఎప్పుడూ చూడలేదు బాబూ."