మంచం పక్క ఫోటో

"ఆవిడ మళ్ళీ వచ్చింది చూడండి!"

ఇంగ్విల్ స్కీ కర్ర ఎత్తి మంచుబాట పక్కకు చూపించింది.

చేతికర్ర ఊతంగా నిలబడ్డ లావుపాటి ఆవిడ. ముఖం సగం మఫ్లర్‌లో, చేతిలో టిఫిన్ డబ్బా. వారం నుంచీ ఇదే వరస.

కోచ్ ఆస్మున్ కళ్ళు చిట్లించాడు.

"పేపరువాళ్ళ మనిషయినా అయ్యుండాలి, స్వీడన్ వాళ్ళు పంపినదయినా అయ్యుండాలి. వాళ్ళ బుద్ధి తెలిసిందేగా!"

ఆదివారం పోటీ. గెలిస్తేనే ఇంగ్విల్‌కు నార్వే జట్టులో చోటు.

ఆ చోటు కోసం ఆమె రొట్టె మానేసింది, వెన్న మానేసింది, బంగాళాదుంపల వంక చూడటం కూడా మానేసింది. ఒళ్ళు ఎంత తేలికైతే స్కీలు అంత జోరుగా పోతాయని నమ్మకం. ఆ నమ్మకానికి సాక్ష్యం ఆమె మంచం పక్క గోడమీద ఉంది. ఒకప్పటి జాతీయ విజేత తూరిడ్ మెడల్‌తో దిగిన ఫోటో. పీక్కుపోయిన చెంపలు, పుల్లల్లాంటి చేతులు. ఇంగ్విల్ రోజూ అద్దంలో తనను తాను ఆ ఫోటోతో పోల్చుకునేది.

ఆవిడ కుంటుకుంటూ దగ్గరికొచ్చి డబ్బా మూత తీసింది. చీజ్ పెట్టి మడిచిన వాఫుల్స్, మెత్తటి గళ్ళ అట్లు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"తిను అమ్మాయ్. ముఖం ఎలా పాలిపోయిందో చూసుకున్నావా?"

ఇంగ్విల్ ఒకడుగు వెనక్కి వేసింది. "తెలియనివాళ్ళు పెట్టింది మేం తినం. అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? రేపు మందుల పరీక్షలో దొరికితే?"

"పోనీ, మీ వంటింట్లోదే కడుపునిండా తిను. ఒక్కమాట చెప్పు. నీకు నెలసరి వస్తోందా?"

నెలసరి ఆగి నెలలైన మాట నిజమే. అయినా ఇంగ్విల్‌కు ఒళ్ళు మండిపోయింది.

"ఏం మాటలండీ అవి?"

"కాలు నొప్పెడుతోందా? మోకాలి కింద, ముందువైపు?"

ఇంగ్విల్ గబుక్కున ఆ కాలు వెనక్కి లాక్కుంది. ఆ నొప్పి సంగతి కోచ్‌కు కూడా చెప్పలేదు. ఈవిడకెలా తెలిసింది?

"నా మాట విను తల్లీ. ఆదివారం పోటీలో దిగకు."

"విన్నారా కోచ్? దిగకూడదట! బండారం బయటపడింది!"

ఇంగ్విల్ విసురుగా ఆవిడ చెయ్యి తోసేసింది. వాఫుల్స్ మంచులో పడ్డాయి.

ఆవిడ కష్టంగా వంగి, ఒక్కొక్కటే ఏరుకుని వెళ్ళిపోయింది.

"నెలసరి ఆగిందంటే సాధన బాగా సాగుతోందన్నమాట," అన్నాడు ఆస్మున్ ధీమాగా. "నువ్వేం బెంగపడకు."

ఆదివారం, చివరి ఎత్తు ఎక్కుతుండగా ఇంగ్విల్ కాలిలో ఫట్‌మని చప్పుడైంది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి తల పట్టుకున్నాడు.

"ఎముక గుల్లబారిపోయింది. తిండి చాలకే ఇదంతా. నెలసరి ఆగినప్పుడే ఒళ్ళు మొత్తుకుంది. నీకెవరూ చెప్పలేదా?"

ఇంగ్విల్ కట్టు కట్టిన కాలి వంక చూసుకుంది.

"ఒకావిడ చెప్పింది. చేతికర్రతో..."

"ఓ, ఆవిడా? నిన్న సాయంత్రం వచ్చింది. నువ్వు మత్తులో ఉన్నావు. నీ కాలు చూసి ఏడ్చి వెళ్ళిపోయింది పాపం. పేపర్లో నీ ఫోటో చూసిన దగ్గర్నుంచీ ఆవిడకు నిద్ర లేదట."

"ఎవరండీ ఆవిడ?"

"తూరిడ్ అని, ఒకప్పుడు మన జాతీయ విజేత. మెడల్‌తో ఫోటో దిగిన మరుసటి వారమే ఆవిడకూ ఇదే ఎముక విరిగింది."